గాలి నిలిచిందని వదిలేస్తే

నాన్నా,

నువ్వు నాకు అబద్ధం చెప్పావు. నీ పేగులోంచి తీసిన కండలో క్యాన్సర్ ఉందని ఆసుపత్రి వాళ్లు నీకు ఫోన్ చేసి చెప్పారు. నువ్వు నాకు ఫోన్ చేసి "మొలలేనంట, పూతమందు రాశారు" అన్నావు. వాళ్లకేమో "మా అమ్మాయికి అంతా తెలుసు, అదే నన్ను తీసుకొస్తుంది" అన్నావు. అక్కడొకటి ఇక్కడొకటి చెప్పేసి, మధ్యలో నువ్వు క్వారీకి పోయి డంపరు లారీల టైర్ల వెనక దాక్కున్నావు. నేను తీసుకొస్తానని వాళ్లు ఎదురుచూశారు. పూతమందు పనిచేస్తోందో లేదోనని నేను ఎదురుచూశాను. ఇదీ నువ్వు చేసిన ఘనకార్యం.

ఉత్తరం మొదట్లో అందరం క్షేమం అని రాయాలని నాకూ తెలుసు. రాయను. అమ్మ క్షేమమే, ఆవిడకి ఇంకా తెలియదు కాబట్టి. నీకు పంపాలని పూతమందు ఇంకో ట్యూబు కొని గూట్లో పెట్టింది. నేను క్షేమంగా లేను. భయంతో చచ్చిపోతున్నాను, ఆ భయాన్ని ఎవరి మీదా చూపించలేక నీ మీద కోప్పడుతున్నాను. కోపమూ నిజమే అనుకో.

నాకెలా తెలిసిందో ముందే చెబుతాను. లేకపోతే ఎవరో చాడీ చెప్పారని ఆసుపత్రి వాళ్ల మీద విరుచుకుపడతావు. సోమవారం మధ్యాహ్నం టైర్ల షాపుకి ఒకామె స్కూటర్ తోసుకుంటూ వచ్చింది. వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. పానా అన్న లారీ కింద పనిలో ఉన్నాడు కాబట్టి నేనే ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, చిల్లు కోసం నీళ్ల తొట్టిలో ముంచాను. ఆమె బల్ల మీద కూర్చుని ఒకసారి నా మొహం చూసింది, ఒకసారి గోడ మీద నీ ఫోటో చూసింది. అదే, డంపరు టైరు లోపల నిలబడి రాజుగారిలా ఫోజు పెట్టావే, ఓనరు పటం కట్టించాడే, అది.

"ఈయన మీ నాన్నగారా?" అంది.

"అవునండీ. ఇక్కడే పని చేసేవాడు. ఇప్పుడు క్వారీలో ఉన్నాడు."

"నేను పేగులోకి గొట్టం వేసి పరీక్ష చేసే గదిలో నర్సుని. ఆ రోజు ఆయన పక్కన నేనే ఉన్నాను. అబ్బో, ఎంత నవ్వించారో! 'ఇన్నాళ్లూ టైర్ల లోపల చెయ్యి పెట్టి వెతికింది నేనండీ, ఇవాళ నాకే పెడుతున్నారు' అన్నారు."

నేనూ నవ్వాను. నీ జోకులు ఎవరో మోసుకొచ్చి చెబితే నాకు గర్వంగానే ఉంటుంది. తర్వాత ఆమె అదే నవ్వుతో, "మరి గుర్తు వేయించడానికి ఇంకా తీసుకురాలేదేంటమ్మా? మచ్చ మానిపోతే ఆ చోటు దొరకదు కదా" అంది.

"ఏం గుర్తండీ?"

"అదే, క్యాన్సర్ కండ తీసిన చోట..." అని నా మొహం చూసి ఆగిపోయింది.

తొట్టిలో బుడగలు వస్తూనే ఉన్నాయి. నేను ట్యూబు పైకి లాగేశాను. చిల్లు ఎక్కడో వేలు పెట్టుకోలేదు, చాక్‌పీసుతో గీత గీయలేదు. లారీ కిందనుంచి పానా అన్న అరిచాడు. "ఓసి మొద్దు మొహమా, గుర్తు పెట్టకుండా తీసేశావేంటే! ఇంక వెతుక్కో మొదటినుంచీ!"

ఆ నర్సమ్మ లేచి నిలబడింది. "నీకు తెలుసని ఆయనే చెప్పారమ్మా. ఫోన్ చేసింది నేనే. ఏదున్నా మా అమ్మాయితో మాట్లాడండని కాగితం మీద నీ పేరే రాయించారు. ఇంక నేనేం చెప్పకూడదు. రేపు పొద్దున డాక్టరమ్మ దగ్గరికి రా. తప్పకుండా రా." స్కూటర్ సంగతే మర్చిపోయి వెళ్లిపోబోయింది. నేనే పిలిచి ప్యాచ్ వేసి ఇచ్చాను.

సాయంత్రం నీకు ఫోన్ చేశాను. నువ్వు మర్చిపోయి ఉంటావు. నాకు మాట మాట గుర్తుంది.

"నాన్నా, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందా?"

"వచ్చిందిలే."

"ఏమన్నారు?"

"ఏమంటారు? ఏదో కండ ఉంది, తీసేశాం అన్నారు. తీసేశాక ఇంకేముంది? అయిపోయింది."

"క్యాన్సర్ అన్నారా, లేదా?"

నీ గొంతు అదేదో బేరం చెబుతున్నట్టుంది. "అది తీసినదాంట్లో ఉందే. తీసింది వాళ్ల సీసాలో ఉంది. నాలో ఎక్కడుంది? అమ్మలూ, నేను చూసుకున్నాను. అప్పట్నుంచీ ఒక్క చుక్క రక్తం పడలా. ప్యాచ్ వేశాం, రాత్రంతా ఉంచాం, గాలి నిలిచింది. ఇంక బండికి ఎక్కించెయ్యడమే. గాలి నిలిచిన ట్యూబుని ఎవరైనా తొట్టిలో ముంచుతూ కూర్చుంటారా?"

"నువ్వు ట్యూబువా నాన్నా?"

"హలో... హలో... సిగ్నల్ లేదే, వినపడట్లా" అని పెట్టేశావు. సిగ్నల్ భేషుగ్గా ఉంది. "ఎవర్రా, పాపేనా?" అని నీ పక్కనుంచి టైర్ల బండి తోలే హారన్ బాబాయ్ అడగడం కూడా నాకు వినిపించింది.

నాన్నా, ఈ ఆలోచన ఇంకో మనిషికి రాదు. టైర్ల షాపులో బతికినవాళ్లకే వస్తుంది. నాకూ వచ్చింది. నిజం చెబుతున్నాను, ఫోన్ పెట్టేశాక ఒక పూటంతా నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. రక్తం ఆగింది కదా, గాలి నిలిచినట్టే కదా అని. మర్నాడు డాక్టరమ్మ ముందు కూర్చుని అదే మాట అన్నాను కూడా. ఆమె నవ్వలేదు. కాగితం వెనక పేగు బొమ్మ గీసింది.

"రక్తం వచ్చింది ఆ కండ పైభాగంలోంచి. కండ తీసేశాం, రక్తం ఆగింది. అది ఆగడం మామూలే. గోడ లోపల ఏమైనా మిగిలితే అది రక్తం కార్చదు, నొప్పి పెట్టదు. మీ నాన్నగారికి తెలియదు. తెలిసేటప్పటికి ఆలస్యమవుతుంది" అంది.

ఆ కాగితాన్ని నా వైపు తిప్పుకుని చూశాను.

ఇప్పుడు ఆమె చెప్పింది చెబుతాను. నెమ్మదిగా చదువు. కళ్లజోడు పెట్టుకుని చదువు. అర్థం కాకపోతే మళ్లీ చదువు. నేను బడి మానేసినా చదవడం మానలేదు. ఆమె చెప్పినవన్నీ ఇంటికొచ్చి పత్రికల్లో, ఫోన్లో మళ్లీ చదివి, అర్థం కానివి పట్టుకుని మర్నాడు పొద్దున వెళ్లి మళ్లీ అడిగాను. విసుక్కోలేదు ఆవిడ.

పేగు లోపలి గోడ మీద పుట్టగొడుగులా లేచే కండని పాలిప్ అంటారు. చాలామందికి ఉంటాయట. ఎక్కువ భాగం ఏమీ చేయవు. కొన్ని ఏళ్లు గడిచేసరికి చెడతాయి. కాయకి తొడిమ ఉన్నట్టు సన్నటి కాడ ఉండి, క్యాన్సర్ ఆ కాయలోనే ఉండి, కాడ దగ్గర శుభ్రంగా తెగితే, చాలామందికి కథ అక్కడితో సరి. అప్పుడప్పుడూ గొట్టం వేసి చూసుకోవడమే. నీది అలాంటిది కాదు. కాడ లేదు. గోడకి పరుచుకుని, ప్యాచ్ అతికించినట్టు ఉంది. ఒక్క ముక్కగా రాలేదు. నాలుగైదు ముక్కలు చేసి తీశారు. అందుకని అంచు దాకా క్యాన్సర్ ఉందో, అంచుకి ఇవతలే ఆగిందో ఎవరూ చెప్పలేరు. అది పై పొర దాటి కింది పొరలోకి దిగింది. అక్కడ సన్నటి నాళాలు ఉంటాయి. వాటిలోకి వెళ్లినట్టు ఆ ముక్కల్లో కనిపించలేదు. "కనిపించలేదు అన్నాను, లేదు అనలేదు" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

రెండు దారులున్నాయి. ఒకటి, ఏమీ కోయకుండా కనిపెట్టుకుని ఉండటం. కొన్ని నెలలకి గొట్టం, మళ్లీ కొన్ని నెలలకి గొట్టం, మధ్యలో స్కానులు. ఒక్కటి కూడా ఎగ్గొట్టకూడదు. రెండోది ఆపరేషన్. కండ ఉన్న చోట పేగుని అటు కొంత ఇటు కొంత కోసేసి, దాని చుట్టూ ఉండే గ్రంథులు కూడా తీసేసి, కొసలు రెండూ కలిపి కుట్టేయడం. క్యాన్సర్ ఇల్లు మారాలంటే ముందు ఆ గ్రంథుల్లోకే పోతుందట. గొట్టంతో చూస్తే అవి కనిపించవు. కోసి తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

"ఎంతమందికి పోతుందండీ అలాగ?" అని అడిగాను.

"ఇలాంటి కేసుల్లో పదిమందిలో ఒకరికో ఇద్దరికో. మిగతావాళ్లకి గ్రంథుల్లో ఏమీ ఉండదు. వాళ్లకి ఆపరేషన్ అక్కర్లేకుండానే చేసినట్టు."

"మా నాన్న ఏ లెక్కలో ఉన్నాడు?"

"అది ముందే తెలిస్తే నీకు ఇంత చెప్పేదాన్ని కాదమ్మా."

"ఆపరేషన్‌లో ప్రమాదం ఉందా?"

"ఉంది. మత్తు, చీము, రక్తం గడ్డకట్టడం. అన్నిటికంటే అతుకు. కుట్టిన అతుకు కొంతమందికి లీకవుతుంది. అయితే మళ్లీ పొట్ట తెరవాలి. అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది."

అతుకు లీకవడం. నాన్నా, ఆ మాట ఇంకెవరైనా విని మర్చిపోగలరేమో. నేను రోజూ చూసేది అదే.

"మీరైతే ఏం చేస్తారు?" అన్నాను.

"మీ నాన్నగారి వయసుకి, ఆయన ఒంట్లో ఉన్న బలానికి, ఆపరేషన్ చేయించుకోమంటాను. కనిపెట్టుకుని ఉంటాను అన్నా తప్పనలేను. కానీ అది ఆయన తెలిసి చెప్పాలి. తప్పించుకుని చెప్పకూడదు."

ఇంక ఆ గుర్తు సంగతి. ఏ దారిలో వెళ్లినా ముందు అది కావాలి. కండ తీసిన చోట లోపల మచ్చ ఉంటుంది. ఒంట్లో మంచి రక్తం ఉన్నవాళ్లకి అది తొందరగా మానిపోతుందట. మానిపోయాక పేగంతా ఒకటే గులాబీ రంగు. ఎక్కడ కోయాలో ఆపరేషన్ చేసేవాళ్లకి తెలియదు, ఎక్కడ చూడాలో గొట్టం వేసేవాళ్లకి తెలియదు. అందుకని మచ్చ కనిపిస్తుండగానే మళ్లీ గొట్టం వేసి, పక్కన సూదితో నల్ల సిరా ఎక్కిస్తారు. అది చెరిగిపోదు. అదే రోజు ఎందుకు వేయలేదని గట్టిగానే అడిగాను. గొంతు లేచింది, బయట కూర్చున్నవాళ్లు తలుపులోంచి తొంగిచూశారు. ఆవిడ తల దించుకోలేదు. "చూడటానికి మామూలు కండలా ఉంది. అయినా వేసి ఉండాల్సింది. వేయలేదు. అది నా పొరపాటు. అందుకే ఫలితం వచ్చిన రోజే ఫోన్ చేయించాను. ఆ రోజు నుంచి రెండు వారాల లోపు వస్తే దొరుకుతుంది. అది దాటితే నేను మాటివ్వలేను" అంది. ఎదుటిమనిషి తప్పు ఒప్పేసుకున్నాక ఇంకేం తిడతాం. కూర్చున్నాను. ఆ రెండు వారాల్లో ఒక వారం నువ్వు దాచిపెట్టడంలోనే పోయింది.

హారన్ బాబాయ్ చేత నువ్వు పంపిన చీటీలో అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను, అడిగావు కాబట్టి. కంప్రెసర్ బెల్టు మార్చారు, ఇప్పుడు అరవడం లేదు. అమ్మ కళ్లజోడు వచ్చింది, పెట్టుకోదు, ఇస్త్రీ ఆవిరికి మసకబారుతోందంటుంది. లాండ్రీలో ఆవిడకి కిటికీ పక్క బల్ల ఇచ్చారు, సంతోషంగా ఉంది. వేళకి తింటున్నానా అని అడిగావు. లేదు. పానా అన్న పెళ్లి సంబంధం ఏమైందని అడిగావు. వాళ్లు వద్దన్నారు, టైర్ల వాసనట. "టైర్ల వాసన కాదురా, నీ మొహం" అని ఓనరు ఏడిపిస్తున్నాడు. చీటీలో బెల్టు ఉంది, కళ్లజోడు ఉంది, పానా అన్న పెళ్లి ఉంది. నీ ఒంట్లో సంగతి ఒక్క అక్షరం లేదు. రెండు పక్కలా రాశావు, చోటు చాలక కాదు.

నువ్వెందుకు పారిపోయావో నాకు తెలియదనుకోకు. పెదనాన్న.

నేను చిన్నదాన్నే కానీ గుర్తుంది. ఆపరేషన్ తర్వాత ఆయన పొట్ట మీద పెట్టిన, మలం పట్టే సంచి. అది కదిలితే వచ్చే చప్పుడు. ఆయన గదిలోకి వెళ్లేముందు పెద్దమ్మ ఒక్క క్షణం గుమ్మంలో ఆగి ఊపిరి పీల్చుకునేది, ఆయన చూస్తున్నాడని తెలియక. సంచి మార్చింది నువ్వే. రోజూ షాపు కట్టేశాక వెళ్లి, "ఏరా అన్నా, ఇవాళ గాలెంతుంది?" అని ఆయన్ని నవ్విస్తూ మార్చేవాడివి. ఆయన పోయాక ఇంటికొచ్చి అమ్మతో అన్నావు. "నాకిలాంటిది వస్తే నాకు చెప్పకండి. నన్నలాగే పోనివ్వండి." అమ్మ నీ నోరు మూసింది. నేను తలుపు పక్కనే ఉన్నాను.

అందుకే సంచి గురించి నేనే అడిగాను, నువ్వు అడగవని. పెదనాన్నకి వచ్చింది పేగు చివర, మలద్వారం పక్కనే. అక్కడ కలిపి కుట్టడానికి చోటు మిగలదు. పైగా అప్పటికి చాలా ముదిరిపోయింది. నీది దానికి చాలా పైన, వంపులో ఉంది. అక్కడైతే ఎక్కువమందికి సంచి అక్కర్లేదట. కొందరికి అతుకు గట్టిపడేదాకా కొన్నాళ్లు పెట్టి తీసేస్తారట. ఎప్పటికీ ఉండిపోయేది బాగా తక్కువమందికి. "అసలు ఉండదని రాసివ్వండి" అని అడిగాను. "రాసివ్వను" అంది. ఆ మాటతోనే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఒకవేళ ఉందే అనుకో. నేను మారుస్తాను. గుమ్మంలో ఆగను. ముక్కుకి గుడ్డ కట్టుకుంటానేమో, అది మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను.

నా భయం ఇంకోటి ఉంది. ఆపరేషన్ చేయించుకోమని నేను నిన్ను తిట్టి తిట్టి ఒప్పించాననుకో. అతుకు లీకైంది. నువ్వు లేవలేదు. తర్వాత పరీక్షలో ఆ గ్రంథుల్లో ఏమీ లేదని తేలింది. అప్పుడు నిన్ను చంపింది నేను. సరే, నీ ఇష్టం అని ఊరుకున్నాననుకో. రెండేళ్లకి కాలేయంలో తేలింది. అప్పుడూ నేనే. రెండువైపులా నేనే నిలబడి ఉన్నాను. పక్కన ఎవరూ లేరు. నువ్వు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది నాన్నా. నువ్వు "మా అమ్మాయి చూసుకుంటుంది" అని ఒక్క ముక్కలో నా నెత్తిన పెట్టి పోయింది ఇదే. నేను ఎంత బరువైనా ఎత్తుతాను, నీకు తెలుసు. ఇది ఒక్కదాన్ని ఎత్తలేను.

ఇంకో సంగతి ఉంది. రాయకూడదనుకున్నాను. ఇందాకటి నుంచీ రాస్తూ దాన్నే తప్పిస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం లారీ చక్రం ఒకటి వచ్చింది, పాతరకం, టైరు ఊడకుండా అంచుకి ఇనప రింగు వేసేది. టైరు ఎక్కించాను. రింగు బిగించాను. ఒకవైపు గాడిలో కూర్చోలేదు. నేను చూడలేదు. నా కళ్లు రింగు మీదే ఉన్నాయి, కానీ నాకు కనిపిస్తోంది డాక్టరమ్మ గీసిన బొమ్మ. రింగు ఎగిరినా ఆపే ఇనప బోనులోకి చక్రాన్ని తోయలేదు. గొలుసు కట్టలేదు. నేల మీదే పడుకోబెట్టి గాలి పెట్టేశాను. గాలి గేజీ చూద్దామని ముందుకి వంగబోయి, ఎందుకో హోసు మెలి పడిందని పక్కకి తిరిగాను. అంతే.

చప్పుడు నాకు వినిపించలేదు. చెవి పక్కనుంచి గాలి కోసుకుపోయింది. చూసేసరికి పైకప్పు రేకులో నా తలంత కన్నం, దాంట్లోంచి ఆకాశం. రింగు ఎగిరిపోయి వెనక సందులో పడింది. పానా అన్న పరుగెత్తుకొచ్చి నా తల, మెడ, చేతులు అన్నీ తడిమి చూశాడు. తర్వాత నేల మీద చతికిలబడ్డాడు. తిట్టలేదు నాన్నా. ఆ నోరు తిట్టకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. "మీ నాన్నకి ఏం సమాధానం చెప్పుకునేవాణ్నే నేను" అన్నాడు. ఓనరు నన్ను లారీ చక్రాల దగ్గరికి వెళ్లొద్దన్నాడు. స్కూటర్లు, సైకిళ్లు చేసుకోమన్నాడు. తప్పేం లేదు, నేనే ఓనరునైతే అంతకన్నా ముందే పంపేసేదాన్ని.

రింగుకి ఎదురుగా నిలబడొద్దని నాకు నేర్పింది నువ్వు. బోను లేకుండా గాలి పెట్టినవాడి చెయ్యి విరగ్గొడతానన్నది నువ్వు. నేను పెట్టాను. నా తప్పు, నీ మీద తోయడం లేదు. కానీ ఒకటి తెలుసుకో. చెప్పకపోతే ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారనుకున్నావు. ఇదిగో, ఇదీ నిశ్చింత. నా కుడి చెవి ఇప్పటికీ గుయ్‌మంటోంది. అమ్మకి ఇదీ తెలియదు. ఇంట్లో ఆవిడకి తెలియనివి రెండయ్యాయి. నిన్న భోజనం దగ్గర "ఏంటే, మాటకి మాట అందిస్తావు, ఇవాళ మూగనోము పట్టావా?" అంది. నీళ్లు తాగి లేచిపోయాను. నీలాగా నవ్వుతూ దాచడం నాకు చేతకాదు. నేర్చుకోను కూడా.

ఈ ఉత్తరం హారన్ బాబాయ్ చేతికిస్తున్నాను. రేపు టైర్లు వేసుకుని నీ దగ్గరికి వస్తాడు. ఇందులో ఏముందో ఆయనకి చెప్పలేదు. నువ్వు చివరిదాకా చదివేవరకు పక్కనుంచి కదలొద్దని మాత్రం చెప్పాను. "మీ నాన్న సగంలో చింపేస్తేనో?" అన్నాడు. "చింపితే హారన్ కొట్టు బాబాయ్, ఆపకుండా కొట్టు, క్వారీ అంతా వచ్చి అడిగేదాకా" అన్నాను. సరేనన్నాడు. కొడతాడు, ఆయన సంగతి నీకు తెలుసు.

ఆపరేషన్ చేయించుకోమని నేను హుకుం వేయడం లేదు. నన్నడిగితే చేయించుకోమంటాను, చెప్పేశాను. వద్దంటే, డాక్టరమ్మ ముందు కూర్చుని, అంతా విని, "నేను కనిపెట్టుకుని ఉంటాను, ఒక్క పరీక్ష ఎగ్గొట్టను" అని నీ నోటితో చెప్పు. ఒప్పుకుంటాను. ఏడుస్తాను, ఒప్పుకుంటాను. నీ పేగు, నీ ప్రాణం. కానీ గుర్తు వేయించుకోవడం మీద మాత్రం బేరాల్లేవు. వచ్చే సోమవారం పొద్దున ఆసుపత్రిలో నీకు వేళ పెట్టించాను. అంతకుముందు రోజు పేగు శుభ్రం చేసే మందు తాగాలి, అది హారన్ బాబాయ్ దగ్గరే ఉంది, ఎలా తాగాలో సీసాకి చుట్టి రాశాను. దారిలో ఆపమన్నప్పుడల్లా బండి ఆపమని కూడా చెప్పాను. ఎందుకో చెప్పలేదు, నువ్వే చెప్పుకో.

ఆదివారం సాయంత్రం పాత టైర్లతో ఆ బండి తిరిగొస్తుంది. షాపు ముందు నిలబడి ఉంటాను. క్యాబిన్లోంచి నువ్వు దిగాలి. నువ్వు దిగకపోతే, "నేను రాను, కారణం ఇదీ" అని నీ చేత్తో అమ్మకి రాసిన ఉత్తరం దిగాలి. నాకు కాదు, అమ్మకి. మూడోది ఏదీ నాకు అక్కర్లేదు. చీటీలు వద్దు, కబుర్లు వద్దు, సిగ్నల్ లేదన్న కథ అసలే వద్దు. ఈ రెండిట్లో ఏదీ రాకపోతే ఆ సాయంత్రమే ఇంటికెళ్లి, ఆవిడని కూర్చోబెట్టి, అంతా నేనే చెప్పేస్తాను. సోమవారం తెల్లారేసరికి ఇద్దరం క్వారీ గేటు దగ్గర ఉంటాం.

ఇట్లు,
ఆదివారం సాయంత్రం దాకా మాత్రమే ఆగగలిగిన
నీ కూతురు